తుపాకికి ఏ నూనె?

1857 గురించి బడిపుస్తకాల్లో చదివినదాంట్లో అందరికీ గుర్తుండేది ఒక్క ముక్కే: తూటాలకి ఆవుకొవ్వు, పందికొవ్వు పూశారని సిపాయిలు తిరగబడ్డారు. అసలు తూటాకి కొవ్వు ఎందుకు పూయాలో ఆ పాఠం చెప్పదు. నా ఆసక్తి అంతా అక్కడే.

దీనికి జవాబు మీరట్‌లో కంటే నెల్లూరు తీరంలో తేలిగ్గా దొరుకుతుంది. 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నం దగ్గర ఒక స్థావరం పెట్టి, ఆర్మగాన్ అని పిలుచుకుంది. (ఆ ఊరిప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది.) కోరమండల్ తీరంలో ఇంగ్లీషువాళ్లు కోట కట్టి ఫిరంగులు నిలబెట్టిన మొదటి చోటు అదే. ఫిరంగులు మొత్తం 12. కింద పులికాట్‌లో డచ్చివాళ్లు అప్పటికే గెల్డ్రియా కోటలో పాతుకుపోయి, తుపాకిమందు కూడా తయారుచేసుకునేవాళ్లు. 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసు స్థలం సంపాదించాక ఆర్మగాన్‌ని పట్టించుకున్నవాళ్లు లేరు.

ఆ ఫిరంగులకి డచ్చివాళ్ల కంటే దగ్గరి శత్రువు గాలి. ఈ తీరాన కిటికీ ఊచలు, సైకిలు చైన్లు ఎంత తొందరగా తుప్పు పడతాయో ఇక్కడ కాపురం చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తుపాకి సంగతి ఇంకా అన్యాయం, దానికి కావలసిన ఉప్పుని అదే లోపల పుట్టించుకుంటుంది. నల్లమందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు. పేలాక గొట్టంలో మిగిలే మసిలో పొటాషియం లవణాలుంటాయి. అవి గాల్లో తేమని లాక్కుంటాయి, నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే ముందు వేడినీళ్లతో కడగాలి, బాగా ఆరనివ్వాలి, ఆ తర్వాతే నూనె. కడక్కుండా ఎంత మంచి నూనె పూసినా దాని కిందే తుప్పు పడుతుంది.

మరి ఏ నూనె? అవిసెనూనె ఆరితే వార్నిషులా బిగుసుకుపోతుంది. కొబ్బరినూనె, నువ్వులనూనె కొన్నాళ్లకి కంపు కొట్టి, పులిసి, ఇనుముని తింటాయి. బండి ఇరుసుకి మనవాళ్లు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెట్టేవాళ్లు. కందెన! ఇంత మంచి మాట ఉండగా మనం లూబ్రికెంట్ అంటూ తిరుగుతున్నాం. ఇరుసుకి అది దివ్యంగా పనిచేస్తుంది గానీ, తుపాకి గుర్రానికి ఆ మందం పనికిరాదు, దుమ్ము పట్టి జిగురవుతుంది.

ఎన్‌ఫీల్డ్ 1853 నమూనా రైఫిల్‌తో ఇంకో చిక్కు వచ్చింది. గుండుని మూతి నుంచి లోపలికి దించాలి, గొట్టంలో మెలి గాళ్లున్నాయి, నాలుగు గుళ్లు పేల్చేసరికి మసి అడ్డం పడుతుంది. గుండు జారాలంటే తూటా కాగితానికి జిడ్డు ఉండాల్సిందే. ఇంగ్లండులో చవగ్గా దొరికే జిడ్డు పశువుల కొవ్వు. మన ఎండకి అది కరిగి కాగితంలోకి ఇంకిపోతుంది కూడా. అంటే మతం మాట పక్కన పెట్టినా, ఈ దేశానికి అది సరైన ఎంపిక కాదు. పైగా ఆ తూటాని పళ్లతో కొరికి చింపాలి.

1857 జనవరిలో డమ్‌డమ్‌లో పుకారు లేచాక ప్రభుత్వం దిగొచ్చి, జిడ్డులేని తూటాలిస్తాం, తేనెమైనమో నెయ్యో మీకు నచ్చింది మీరే పూసుకోండి అంది. అప్పటికే ఆలస్యమైంది, అనుమానం కొవ్వు మీంచి కాగితం మీదికి పాకింది. నాకు కోపం తెప్పించేది ఇదే: మైనం పనికొస్తుందని తెలుసు, ఆ తూటాని నోట పెట్టుకునేవాణ్ణి మాత్రం ముందు ఎవరూ అడగలేదు. వేలూరులో 1806లో తలపాగా తోలు విషయంలోనూ ఇంతే. ఆ తిరుగుబాటు చేసింది మన మద్రాసు సైన్యమే, 1857లో మాత్రం అది చాలావరకు కదల్లేదు.

చివరికి బ్రిటిష్ సైన్యం తుపాకులకి వాడుకున్న నూనె సముద్రం అవతల నుంచి వచ్చింది. దాని పేరే రంగూన్ ఆయిల్. బర్మాలో యెనాంజావ్ దగ్గర చేతులతో తవ్విన బావుల్లోంచి తోడిన భూమినూనె అది. పులవదు, జిగురు కట్టదు. ఆ రంగూన్ రేవులో సరుకులు మోసింది ఎక్కువగా మన తీరం నుంచి వెళ్లిన తెలుగు కూలీలు. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు వాళ్లని కోరంగీలు అనేవాళ్లు. 1930 మేలో వాళ్లు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక ఆ కొత్తవాళ్లని పంపించేశారు, రంగూన్ వీధుల్లో తెలుగువాళ్ల మీద దాడులు మొదలయ్యాయి.