పర్చూరు సీమలో యువజనసేవ: శాసనములు నడచిన దారి

పత్తికిని మిరపకును పేరొందిన పర్చూరు నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చియుండి, వానలు ముదిరి వాగులు పొంగినంతనే దారులు తెగి బురదలో మునుగునట్టి నేల యగుటచే, గట్టు తెగినదన్న కేక వినబడగానే పలుగు పారలతో పరుగెత్తుట ఇచటి పడుచువాండ్రకు పరోపకారమే కాక ఆత్మరక్షణము కూడ. గుంటూరు మండలమునుండి 1970లో ఒంగోలు కేంద్రముగా నేర్పడిన జిల్లాకును, అటనుండి 2022లో బాపట్ల జిల్లాకును చేరిన ఈ సీమ, యువజనుల సేవను ప్రభుత్వము కాలానుగుణముగా ఎట్లు ఆజ్ఞాపించెనో, ఎట్లు శంకించెనో, తుదకెట్లు లాలించెనో చూపుటకు తగిన నిదర్శనము.

ఆ కథకు మొదటి పుట 1858వ సంవత్సరపు మద్రాసు నిర్బంధ శ్రమ చట్టము. చెరువు కట్టయో కాలువ గట్టో తెగు ప్రమాదము వచ్చినపుడు, ఆ చుట్టుపట్ల దేహదార్ఢ్యము గల పురుషులను పనికి పిలుచు అధికారమును అది గ్రామ పెద్దలకును ఉద్యోగులకును ఇచ్చినది. రానివారికి శిక్షయు విధించినది. అయితే పిలువదగినవారు శ్రామిక వర్గములవారు మాత్రమేయని ఆ చట్టమే నిర్దేశించెను. వరద ఊరివారందరి పంటను ముంచునదే యైనను, గట్టు మీదికి ఎక్కవలసిన భుజములు మాత్రము కొందరివే యైనవి. వెట్టియను దురాచారము పల్లెలలో వేళ్లు తన్నియున్న ఆ కాలమున, శాసనబద్ధమైన సేవ ఎవరి నెత్తిన పడునో ఊహించుట కష్టము కాదు.

ఏబది సంవత్సరములు గడచునప్పటికి ఏలికలకు వేరొక భయము పుట్టెను. వందేమాతరోద్యమ కాలమున యువకులు తమంత తాము సంఘములుగా కూడుట చూచి, 1908లో క్రిమినల్ లా సవరణ చట్టమును చేసిరి. దాని ప్రకారము ప్రభుత్వము ఏ సంఘమునైనను చట్టవిరుద్ధమని ప్రకటింపవచ్చును. అందులో సభ్యుడగుటకు ఆరు మాసములు, దానిని నడపుటకు మూడేండ్ల వరకు కారాగారము. బలవంతముగా పిలిచినపుడు రాకపోవుట నేరమని యొక శాసనము, పిలువకుండ వచ్చుట నేరము కాగలదని మరియొక శాసనము ఒకే ప్రజలపై ఏకకాలమున అమలునందుండెను.

పర్చూరునకు కొలది క్రోసుల దూరముననున్న చీరాల పేరాలలో ఆ భయమునకు సమాధానము దొరకినది. గ్రామములను పురపాలక సంఘముగా మార్చి, సుమారు నాలుగువేల రూపాయలుగా నున్న పన్నును నలుబదివేలకు పెంచగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున సుమారు పదునైదువేల జనాభాలో పదమూడువేలకు పైబడినవారు ఇండ్లు విడిచి ఊరి వెలుపల రామనగరమను పాకల పట్టణమును నిర్మించుకొని పదునొకండు నెలలు నివసించిరి. ఎడింబరోలో చదువుకొని వచ్చిన దుగ్గిరాల, యువకులను రామదండుగా తీర్చిదిద్దెను. బెజవాడలో ఆ యేడు జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశమున జనసమ్మర్దమును అదుపునందుంచినదియు, చీరాలలో వలసను క్రమశిక్షణతో నడిపించినదియు ఆ దండే. ప్రభుత్వము దుగ్గిరాలను బరంపురమున ప్రసంగ నిషేధాజ్ఞను ధిక్కరించెనను నెపమున బంధించి ఏడాది శిక్ష విధించినది. నాయకుడు చెరలోనుండగా ఎండకును వానకును ఓర్చి ఊరివారు నెలల తరబడి పాకలలో నిలిచిరనిన, ఆ యోర్పు శాసనము వలన వచ్చినది కాదు.

1922 మొదట పర్వతనేని వీరయ్య చౌదరి పొరుగున గల పెదనందిపాడులో పన్నుల నిరాకరణమును నడపినప్పుడు, శాంతిసేనయను స్వచ్ఛంద సేవకులు పల్లె పల్లెను తిరిగి, సైనికులు కవాతు చేయుచున్నను రైతులు చేయెత్తకుండునట్లు కాపాడిరి. చౌరీచౌరా హింసాకాండ అనంతరము గాంధీజీ ఉద్యమమును నిలిపివేయుటచే పోరాటము ముగిసినది గాని, దండధారి కాని యువకుడు దండధారికంటె శాంతిని బాగుగా కాపాడగలడన్న సంగతి రుజువైనది. మరుసటి యేడు కాకినాడ కాంగ్రెసులో డాక్టర్ హర్డీకర్ హిందూస్థానీ సేవాదళమును స్థాపించెను. ఆ సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున కావలియుండి, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపిన బాలిక దుర్గాబాయి.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించి, ప్రజాప్రయోజనమునకై రాజ్యము సేవను విధింపవలసి వచ్చినచో మత జాతి కుల వర్గ వివక్ష కూడదని షరతు పెట్టినది. 1858 నాటి పక్షపాతమునకు అది సూటియైన ప్రత్యుత్తరము. 1908 చట్టము మాత్రము పోలేదు. దాని క్రింద మద్రాసు ప్రభుత్వము 1950లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని నిషేధించి, అదే యేడు ఆ చట్టమును సవరించి మరింత పదునుపెట్టగా, వి.జి. రో వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1952లో ఆ సవరణను కొట్టివేసెను. పర్చూరు అప్పటికింకను మద్రాసు రాష్ట్రముననే యుండెను గనుక ఆ తీర్పు ఈ పల్లెల యువజన సంఘములకును రక్ష యైనది.

అటుపై ప్రభుత్వము యువకుని శంకించుట మాని చేరదీయ నారంభించెను. 1959లో ఏర్పడిన సి.డి. దేశ్‌ముఖ్ సంఘము, కళాశాలలో చేరగోరువారికి సుమారు ఏడాది జాతీయసేవ తప్పనిసరి చేయవలెనని సూచించినది. ఆయన దుర్గాబాయి భర్త యగుట గమనింపదగినది. ఇతర దేశముల అనుభవమును పరిశీలించిన విద్యావేత్త సయ్యదైన్ మాత్రము స్వచ్ఛందముగానే ఉండవలెననెను. చైనా యుద్ధానంతరము తప్పనిసరి చేసిన ఎన్.సి.సి.ని 1968లో మరల ఐచ్ఛికము చేయవలసి వచ్చుటయు ఆ మాటనే బలపరచినది. తుదకు 1969 సెప్టెంబరు 24న ముప్పదియేడు విశ్వవిద్యాలయములలో నలుబదివేల విద్యార్థులతో జాతీయ సేవా పథకము ఆరంభమై, ఏడాదికి నూటయిరువది గంటల సేవయు, దత్తత గ్రామమున శిబిరమును నియమముగా పెట్టినది.

2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పల్లెలలో ఏబది కుటుంబములకొక్క వాలంటీరును నెలకు అయిదువేల రూపాయల గౌరవ వేతనముపై నియమించుటతో కథ మరియొక మలుపు తిరిగెను. వారి చేతులమీదుగా ఇంటివద్దకే పింఛను చేరుట వృద్ధులకు మేలే. కాని 2024 ఎన్నికల వేళ ఆ పంపిణీనుండి వారిని తప్పింపుమని ఎన్నికల సంఘము ఆదేశించుటతో, రాజ్యము వేతనమిచ్చి నడపు సేవకు రాజకీయ శంక తప్పదని తేలినది.

ఈ నూటయరువది సంవత్సరములకు మించిన చరిత్రము చెప్పు తీర్పు సుస్పష్టము. శాసనము సేవను పుట్టింపలేదు. పుట్టిన సేవను అణచుటకును, ఒక వర్గము నెత్తిన రుద్దుటకును, కాపాడుటకును మాత్రము దానికి శక్తి గలదు. కావున మన శాసనకర్తలు యువకులను నిర్బంధింపక, వారి సంఘములను పార్టీ పద్దులలో చేర్పక, వరదలోను తుపానులోను పనిచేయువారికి బీమాను, శిక్షణను, సరియైన పనిముట్లను సమకూర్చి అంతటితో ఆగవలెను. గట్టు మీదికి ఎక్కువేళ అన్ని వీథుల పడుచువారును సమముగా ఎక్కునట్లు చూచుట మాత్రము ప్రభుత్వము పని కాదు. అది ఊరి పెద్దల పని, మన పని.