విద్యార్జనము – ఋణభారము

విద్య దొంగలకు దొరకనిదనియు, పంచినకొలది పెరుగుననియు నీతికారులు చెప్పిరి. ఆ విద్యను కొడుకునకో, కూతునకో చెప్పించుటకు తండ్రి ఎంత అప్పు తేవలయునో వారు చెప్పలేదు. నేడు మన వికారాబాదు, తాండూరు ప్రాంతముల రైతు ఇంటింట ఆ ప్రశ్నయే వినవచ్చుచున్నది. పిల్లవానికి పట్టణమున కళాశాలలో స్థానము దొరకినదన్న సంతోషము తీరకముందే కందిచేను కుదువబెట్టుటయా, అమ్ముటయా యను చింత మొదలగుచున్నది. లెక్కలు వ్రాయుట వృత్తిగా గల నేను ఈ విషయమున మన పూర్వుల జమాఖర్చులు ఎట్లుండెనో పాఠకులకు విన్నవింపగోరుచున్నాను.

తాండూరు నుండి సేడము, మళఖేడముల మీదుగా వాడికి పోవు రైలుమార్గమున చిత్తాపురము కలదు. దాని చెంతనున్న నాగావి గ్రామమున క్రీ.శ. 1058 నాటి కన్నడ శాసనము లభించినది. కల్యాణి చాళుక్య ప్రభువగు త్రైలోక్యమల్ల సోమేశ్వరుని దండనాయకుడు మధుసూదనుడు అచట ఘటికాస్థానమును పోషించెను. వేదశాస్త్రములు చదువు విద్యార్థులు రెండువందలకు పైబడి యుండిరి. వారికిని, ఉపాధ్యాయులకును జీవనము జరుగుటకై భూములు ఈయబడెను. ఆ శాసనమున ఆరుగురు సరస్వతీ భాండారికులు కూడ పేర్కొనబడిరి. అనగా గ్రంథములను కాపాడి అందించువారు. తొమ్మిదివందల యేండ్లకు పూర్వమే మన పొరుగున గ్రంథాలయ పాలకునకు విద్యాలయమున వృత్తి కల్పింపబడెనని తెలిసికొన్నపుడు, గ్రంథాలయ రజతోత్సవము జరుపుకొనుచున్న మనకు ఆనందము కలుగక మానదు.

తెలుగునేలపై కాకతి రుద్రమదేవి కాలమున 1261లో వెలసిన మల్కాపుర శాసనము ఇట్టిదే. మందడము, వెలగపూడి గ్రామముల దానముతో గోళకీమఠాచార్యుడు విశ్వేశ్వర శివాచార్యుడు దేవాలయముతోపాటు విద్యాలయమును, అన్నసత్రమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను నడపెను. ఈ రెండు శాసనములందును గమనింపదగిన విషయమొకటి కలదు. దాత సొమ్ము విద్యార్థి చేతికి అప్పుగా రాలేదు. భూమి ఫలము విద్యాలయమునకు చేరెను. విద్యార్థికి అన్నమై అందెను. చదువు ముగించినవాడు ఎవరికిని బాకీపడి బయటకు రాలేదు. ఐతే ఆ కాలపు విద్య అందరికిని అందలేదన్న సత్యమును మరువరాదు. కులము, స్త్రీత్వము పెక్కుమందికి అడ్డుగోడలై నిలిచినవి.

ఇక ఆధునిక కాలమునకు వత్తము. 1874లో వాడి–సికింద్రాబాదు రైలుమార్గము మన ఊళ్ళమీదుగా పడెను. 1887లో నిజాం కళాశాల, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడెను. రైలెక్కి నగరము చేరుట సులభమయ్యెను. అచట నిలిచి చదువుట కష్టమయ్యెను. రుసుముకన్న రెండుపూటల అన్నము, తలదాచుకొను చోటు పేదవానికి పెద్ద సమస్యలు. అందుచేత కొందరు వారములు చేసికొని చదివిరి. ఆదివారమొక యింట, సోమవారమొక యింట, ఇట్లు ఏడు దినములు ఏడిండ్ల అన్నము తినుటయే వారములు చేయుట. ఒక యింటికి వారమున కొకనాటి అన్నము బరువు కాదు. బాలునకు అదియే బ్రతుకు. అందు అవమానము లేకపోలేదు, గాని అప్పు మాత్రము లేదు.

వసతిగృహోద్యమము ఆ అన్నమును అవమానము లేకుండ పెట్టెను. 1918లో రాజబహద్దూరు వెంకటరామారెడ్డి గారు హైదరాబాదున రెడ్డి వసతిగృహమును నెలకొల్పిరి. గోలకొండ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డి గారు దాని నిర్వహణలో పాలుగొనిరి. ఇతర కులములవారును తమతమ పిల్లలకు ఇట్టి గృహములు కట్టుకొనిరి.

పుస్తకముల వ్యయము కూడ చిన్నది కాదు. సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు ఉపకారవేతనములతో చదివినవారు. బంధువొకరు చదివి విడిచిన తత్త్వశాస్త్ర గ్రంథములు ఉచితముగ లభించుటచేతనే వారు ఆ శాస్త్రమును ఎన్నుకొనిరని ప్రసిద్ధి.

నేటి స్థితి యెట్లున్నది? 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బోధన రుసుములను తిరిగి చెల్లించు పథకమును ఆరంభించెను. పేదయింటి పిల్లలు వేలసంఖ్యలో పట్టభద్రులైరి. కాని చెల్లింపు ఆలస్యమైనప్పుడు ధ్రువపత్రములు చేతికి రాక విద్యార్థులు కళాశాలల చుట్టు తిరుగు సందర్భములు కలుగుచున్నవి. అన్నవసతుల ఖర్చు మిగులనే మిగులును. అచటనే అప్పు ప్రవేశించుచున్నది.

అప్పు తప్పనప్పుడు లెక్క చూచి చేయవలయును. నాలుగేండ్ల చదువునకు 4 లక్షలు కావలెననుకొందము. వడ్డీవ్యాపారి వద్ద నూటికి నెలకు 2 రూపాయల వంతున మొత్తమును మొదటనే తెచ్చినచో, ఐదేండ్లకు వడ్డీయే 4 లక్షల 80 వేలగును. బ్యాంకు వద్ద నూటికి ఏడాదికి 10 రూపాయల సరళవడ్డీపై ఏటేట లక్ష చొప్పున తీసికొన్నచో, అదే ఐదేండ్లకు 1 లక్ష 40 వేలు మాత్రమే. బ్యాంకుల విద్యాఋణ విధానమున 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కరలేదు. వార్షికాదాయము నాలుగున్నర లక్షలు మించని కుటుంబములకు వృత్తి, సాంకేతిక విద్యలలో, నియమములకు లోబడి, చదువు కాలపు వడ్డీని కేంద్రప్రభుత్వము భరించు పథకము 2009లో వచ్చెను. ఇది తెలియక చేను కుదువబెట్టినవారు ఎందరో!

కావున ఉపకారవేతనము మొదటిది, వసతిగృహము రెండవది, ఇంటి పొదుపు మూడవది, ఋణము చివరిది. అదియు ఆ యేటి అవసరమునకు మించరాదు.

మన గ్రంథాలయ సభ్యులకు నాదొక మనవి. చదువు ముగిసిన ప్రతి విద్యార్థియు తన పాఠ్యగ్రంథములను ఇచట సమర్పింపవలయును. ఉపకారవేతనముల గడువుతేదీలు ఏటేట ఈ గోడపై వ్రాయబడవలయును. దరఖాస్తు నింపుట తెలియని తండ్రికి తెలిసినవారు ఒక గంట తోడుపడవలయును. నాగావి భాండారికులకు వృత్తిభూములుండెను. మనకు అవి లేకున్నను, వారు చేసిన పని మనకు అసాధ్యము కాదు.