గోడలోని కరెంటు నుంచి గుండె పక్కన బ్యాటరీ దాకా: పేస్‌మేకర్ చరిత్ర

పోయిన మంగళవారం రాత్రి నటేశన్ నగర్‌లో మా గది ఉన్న వీధికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, పక్క గదుల్లోవాళ్లంతా మెట్ల మీదకి వచ్చి కూర్చున్నారు. మామూలు రోజైతే మర్చిపోయేవాణ్ణి. కానీ ఆ రోజు పొద్దునే ఒక డాక్టరు గారు నా ఈసీజీ చూసి, "పేస్‌మేకర్ అవసరం పడొచ్చు, ఇంకో రెండు పరీక్షలు చేసి చెబుతాను" అన్నారు. నాకు 26 ఏళ్లు. చీకట్లో కూర్చున్నప్పుడు నాకు తట్టిన మొదటి ప్రశ్న ఇది: కరెంటు పోతే పేస్‌మేకర్ ఏమవుతుంది?

తెలివితక్కువ ప్రశ్న అనుకున్నాను. నాలుగు రోజులు చదివాక తెలిసింది, ఈ యంత్రం చరిత్ర చాలావరకు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగిందని. సైన్స్ అండ్ టెక్నాలజీకి, ఆరోగ్య విధానానికి మీకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. ఇది వైద్య సలహా కాదు, చరిత్ర నోట్సు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. "హార్ట్ బ్లాక్" అని చెప్పగానే అమ్మ యానాం నుంచి ఫోనులో "స్టెంటు వేస్తారా నాన్నా?" అని అడిగింది. పిన్ని నూనె మానెయ్యమంది. వాళ్ల తప్పేం లేదు, మాట అలా ఉంది. స్టెంటు వేసేది రక్తనాళం పూడుకుపోతే. హార్ట్ బ్లాక్ అంటే గుండె పై గదుల నుంచి కింది గదులకు వెళ్లాల్సిన విద్యుత్ సంకేతం దారిలో ఆగిపోవడం. ఒకటి గొట్టాల సమస్య, రెండోది వైరింగు సమస్య. పరీక్షకు చదివేటప్పుడు మీరు కూడా కలిపెయ్యకండి. 1990లలో అబ్దుల్ కలాం, హైదరాబాదు హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు కలిసి తెచ్చిన కలాం–రాజు పరికరం స్టెంటు, పేస్‌మేకర్ కాదు.

ఇంటర్ జంతుశాస్త్రంలో "లయారంభకం" అని చదివాం కదా, అది సిరాకర్ణికా కణుపు. 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. దానికి ఏడాది ముందే జపాన్‌కి చెందిన సునావో తవారా పై గదులకీ కింది గదులకీ మధ్య ఉండే కణుపును వివరించాడు. నాలాంటివాళ్లకు తేడా వచ్చేది ఆ రెండో కణుపు దగ్గర. సంకేతం పూర్తిగా ఆగినా కింది గదులు తమంతట తాము కొట్టుకుంటాయి, కానీ నిమిషానికి 30, 40 సార్లే. మెదడుకు రక్తం చాలక మనిషి ఉన్నట్టుండి పడిపోతాడు. ఇలా పడిపోవడాన్ని డబ్లిన్ వైద్యులు రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో వర్ణించారు. అందుకే ఇవాళ్టికీ వాళ్ల పేర్లతోనే పిలుస్తారు. జబ్బు తెలిసి నూరేళ్లు దాటినా చేసేది ఏమీ లేకపోయింది.

గుండెకు బయటి నుంచి కరెంటు ఇస్తే? 1928లో సిడ్నీలో మార్క్ లిడ్‌విల్ అనే డాక్టరు, ఎడ్గర్ బూత్ అనే భౌతికశాస్త్రవేత్త చేసిన యంత్రం, ఊపిరి లేకుండా పుట్టిన ఒక శిశువును బతికించింది. దాన్ని దీపం సాకెట్‌కే తగిలించేవారు. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ హైమన్ 1932లో చేతితో తిప్పే యంత్రం చేసి "కృత్రిమ పేస్‌మేకర్" అనే పేరు స్థిరపరిచాడు. 1952లో బోస్టన్‌లో పాల్ జోల్ ఛాతీ చర్మం మీద పలకలు పెట్టి, అక్కణ్ణుంచే గుండెను నడిపించాడు. ప్రాణం నిలిచేది. కానీ ప్రతి షాక్‌కీ ఛాతీ కండరాలు ఎగిరిపడేవి, చర్మం కాలేది. పైగా యంత్రం గోడ ప్లగ్గుకే. తీగ ఎంత పొడవుంటే రోగి లోకం అంతే.

ఇక్కడ కథ అమెరికాలోని మినియాపోలిస్‌కి వెళుతుంది. పుట్టుకతో గుండెలో రంధ్రాలున్న పిల్లలకు వాల్టన్ లిల్లెహై అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసేవాడు. రంధ్రం కుట్టేటప్పుడు కొందరిలో సంకేతాల దారి దెబ్బతిని హార్ట్ బ్లాక్ వచ్చేది. పసిపిల్లల ఛాతీ మీద జోల్ షాకులు ఎలా ఇస్తారు? 1957 జనవరిలో అతని బృందం సన్నని తీగను నేరుగా గుండె కండరానికి కుట్టింది. కొద్దిపాటి వోల్టులు చాలాయి, నొప్పి లేదు. అయినా తీగ రెండో చివర గోడలోనే ఉంది. 1957 అక్టోబర్ 31న నగరంలో కరెంటు పోయింది. ఆ రాత్రి ఒక బిడ్డ చనిపోయిందని ఎర్ల్ బాకెన్ తరువాత చెప్పాడు.

బాకెన్ ఎవరంటే, 1949లో బావతో కలిసి ఒక గ్యారేజీలో వైద్య పరికరాల రిపేరు దుకాణం పెట్టిన ఇంజనీరు. ఆ దుకాణం పేరు మెడ్‌ట్రానిక్. బ్యాటరీతో నడిచేది చేసిపెట్టమని లిల్లెహై అడిగాడు. సంగీతానికి తాళం వేసే మెట్రోనోమ్ సర్క్యూట్ ఒకటి పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రికలో చూసిన గుర్తుండి, దాన్నే రెండు ట్రాన్సిస్టర్లతో మార్చి, అరచేతిలో పట్టే పెట్టె చేశాడు. పట్టింది నాలుగు వారాలు. జంతువు మీద పరీక్షించడానికి ఇచ్చి, మర్నాడు వెళ్లి చూస్తే అది ఒక పిల్లకి తగిలించి ఉంది. మెరుగైన యంత్రం చేతిలో ఉండగా బిడ్డను పోగొట్టుకోలేనని లిల్లెహై వాదన. అనుమతి లేదు, కమిటీ లేదు. ఎథిక్స్ పేపరుకి ఇంతకన్నా మంచి కేసు నాకు దొరకలేదు, దానికి ఒకే జవాబు ఉందని కూడా అనుకోను. ఆ పిల్ల తల్లి స్థానంలో మా అమ్మను పెట్టి చూస్తే నా జవాబు మారిపోతోంది.

పెట్టె బయట ఉంటే తీగ చర్మాన్ని దాటి లోపలికి వెళ్లే చోట చీము పడుతుంది. అందుకే మొత్తం లోపలే పెట్టాలన్న ఆలోచన. 1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్ దగ్గర కరోలిన్స్కా ఆసుపత్రిలో ఆ పని జరిగింది. రోగి ఆర్నె లార్సన్, వయసు 43. రోజుకు ఇరవై, ముప్పై సార్లు స్పృహ తప్పేది. భార్య ఎల్స్ మరీ ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్‌నీ, సర్జన్ ఓకె సెన్నింగ్‌నీ వదల్లేదు. మనుషులకి పెట్టే యంత్రం ఇంకా తయారు కాలేదంటే, అయితే తయారు చెయ్యండి అంది. బూటు పాలిష్ డబ్బా అచ్చుగా పెట్టి, ఎపాక్సీ పోసి చేశారు. లోపల నికెల్–కాడ్మియం బ్యాటరీ, బయటి నుంచి చర్మం మీదుగానే ఛార్జింగు. మొదటిది కొన్ని గంటల్లో ఆగిపోయింది. రెండోది పెట్టారు. అలా మారుస్తూ మారుస్తూ ఆయన 26 పేస్‌మేకర్లు వాడి, 86వ ఏట 2001లో వేరే జబ్బుతో పోయాడు. అప్పటికి సర్జనూ లేడు, ఇంజనీరూ లేడు.

ఆ 26 అంకె దగ్గర నేను ఒక పూటంతా ఆగిపోయాను. చరిత్ర పుస్తకాలు దాన్ని విజయంగా రాస్తాయి, నిజమే. కానీ నా వయసులో చదివితే అది 26 సార్లు ఆపరేషన్ బల్ల ఎక్కడంలా కనిపిస్తుంది. ఎందుకన్ని? చాలావరకు బ్యాటరీ వల్ల, తీగల వల్ల.

బఫెలోలో విల్సన్ గ్రేట్‌బ్యాచ్ కథ మీరు వినే ఉంటారు: గుండె శబ్దాలు రికార్డు చేసే సర్క్యూట్‌లో పొరపాటున వేరే రెసిస్టర్ పెడితే, అది గుండెలా కొట్టుకుంది. 1960లో చార్డాక్ అనే సర్జన్ ఆ యంత్రాన్ని మనుషులకు అమర్చాడు. అందులోని జింక్–మెర్క్యురీ బ్యాటరీ ఐదేళ్లు వస్తుందనుకున్నారు. రెండేళ్లు రావడమే గగనమైంది. డెబ్బై దాటిన మనిషికి ఒకటి రెండు మార్పిళ్లతో సరిపోవచ్చు. కుర్రవాళ్ల మాటేమిటి? 1970లో పారిస్‌లో దీనికి అణు జవాబు ఇచ్చారు: ప్లుటోనియం–238తో నడిచే పేస్‌మేకర్. ఆ ఐసోటోపు అర్ధాయువు సుమారు 88 ఏళ్లు, అంటే ఒక జీవితకాలం. పనిచేసింది కూడా. కానీ దాన్ని మోసే మనిషి ఎక్కడికి వెళ్లినా, చనిపోయినా లెక్క చెప్పాలి, ప్లుటోనియం తిరిగి తీసుకోవాలి. ఈలోగా 1970లలోనే లిథియం–అయోడిన్ బ్యాటరీ వచ్చింది, గ్రేట్‌బ్యాచే దాన్ని పట్టుబట్టి నిలబెట్టాడు. అణు పెట్టెల అవసరం తీరిపోయింది. ఇప్పటి బ్యాటరీలు వాడకాన్ని బట్టి దాదాపు పదేళ్లు వస్తాయి. 2016లో అమెరికా అనుమతి పొందిన తీగలేని పేస్‌మేకర్‌ని తొడ దగ్గరి సిర గుండా లోపలికి పంపి గుండె గదిలోనే నిలుపుతారు. పెద్ద క్యాప్సూల్ అంత ఉంటుంది.

నా లెక్క ఇలా ఉంది. 26లో పెడితే, 80 దాకా బతికితే, పదేళ్లకొకటి చొప్పున ఐదారు పెట్టెలు. యువతలో హార్ట్ బ్లాక్‌కి కొన్నిసార్లు సార్కాయిడోసిస్, క్షయ, గుండె కండరం వాపు లాంటి కారణాలు ఉంటాయట. నాకు చేస్తున్న రెండు పరీక్షలూ అందుకే. కారణం దొరికితే ముందు దానికి మందు. దొరక్కపోతే ఈ ఐదారు పెట్టెల లెక్కే.

ఇక్కడే ఇది పాలన ప్రశ్న అవుతుంది. మన దేశంలో స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో గరిష్ఠ ధర పెట్టారు. పేస్‌మేకర్‌కి అలాంటిది పెట్టలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ "ఔషధం" నిర్వచనంలోకి వచ్చాక, ఎమ్మార్పీ ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదన్న నియమం వర్తిస్తోంది. అదే ఏడాది తెచ్చిన ఉత్పత్తి ప్రోత్సాహక పథకంలో శరీరంలో అమర్చే ఎలక్ట్రానిక్ పరికరాలను ఒక విభాగంగా చేర్చారు. 2007 నాటి ఆరోగ్యశ్రీ, 2018 నాటి ఆయుష్మాన్ భారత్ గురించి రాసేటప్పుడు మనమంతా మొదటి ఆపరేషన్ గురించే రాస్తాం. మూడో పెట్టె, నాలుగో పెట్టె సంగతి రాసిన మోడల్ ఆన్సర్ నేనింతవరకు చూడలేదు. డబ్బు లేనివాళ్లు ఏం చేశారో ముంబై చెబుతుంది: అమెరికాలో చనిపోయినవారి నుంచి తీసిన పేస్‌మేకర్లను శుద్ధి చేసి అక్కడి హోలీ ఫ్యామిలీ ఆసుపత్రిలో 53 మంది పేదలకు అమర్చారు. ఆ ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. దహనానికి ముందు పేస్‌మేకర్ తీసేయాల్సిందే, లేకపోతే బ్యాటరీ పేలుతుంది. అలా తీసింది మనదగ్గర ఏమవుతోందో ఎవరైనా అడిగారా?

పుదుచ్చేరికి ఈ విషయంలో అదృష్టం ఉంది. 1823లో ఫ్రెంచివాళ్లు పెట్టిన వైద్య పాఠశాలే 1964లో జిప్మర్ అయింది, 2008లో జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా పొందింది. కానీ కేంద్రపాలిత ప్రాంతం ఒకే ముక్క కాదు. మా యానాం ఇక్కడికి 800 కిలోమీటర్ల పైనే, కాకినాడకి 30 కిలోమీటర్ల లోపే. 2024 ఫిబ్రవరిలో యానాంలో జిప్మర్ 90 పడకల మల్టీ స్పెషాలిటీ యూనిట్‌ని ప్రారంభించారు. పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు పెట్టెను క్రమం తప్పకుండా చెక్ చేయించుకోవాలి. ఆ చెకప్ ఎక్కడ దొరుకుతుందన్నది, ఆపరేషన్ ఎక్కడ జరుగుతుందన్నంత ముఖ్యం.

వచ్చే గురువారం నా రిపోర్టులు వస్తాయి. డాక్టరు గారిని అడగాల్సినవి కరెంట్ అఫైర్స్ నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను. కారణం దొరికిందా? పెట్టాల్సి వస్తే తీగ ఉన్నదా, లేనిదా? లోపల తీగలేని క్యాప్సూల్ బ్యాటరీ అయిపోతే పాతది తీస్తారా, పక్కన ఇంకొకటి పెడతారా? నాలుగోది అమ్మ చెప్పి రాయించింది: చెకప్ యానాంలోనే అవుతుందా, లేక ప్రతిసారీ రైలెక్కాలా?