పాత బొబ్బిలి కోట

బొబ్బిలి యను పేరు చెవిని పడగానే ఎత్తైన బురుజులు, ఇనుప తలుపులు మనసున మెదలును. యుద్ధము జరిగిన తావునకు పోయి చూచువారికి ఆ ఊహ నిలువదు. అచట నొక స్మారకస్తంభము మాత్రము కలదు. దానిని 1891లో బొబ్బిలి మహారాజు వేంకట శ్వేతాచలపతి రంగారావుగారు నిలిపిరి. నాటి కోట లేదు, కోటలోని ఇండ్లును లేవు. ఇప్పటి పట్టణమును, రాజుగారి కోటయు తరువాత వెలసినవే.

పాతకోట రాతికట్టడము కాదు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ వ్రాసినదానినిబట్టి అది చదరపు మట్టికోట. నాలుగు మూలల నాలుగు బురుజులు, చుట్టును దట్టమైన అడవి. రాతికోట కూలినను రాళ్లు మిగులును. మట్టికోటకు అదియును లేదు.

1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి కిచ్చెను. పన్ను వసూలుకై బుస్సీ దొర దండుతో ఈ సీమకు వచ్చెను. బొబ్బిలి, విజయనగరములకు అంతకుముందే పగ కలదు. ఏటి నీటి తగాదాలును అందులో చేరియుండెను. విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు ఫ్రెంచివారి ఫిరంగులను తన పగకు తోడు తెచ్చుకొనెను.

1757 జనవరి 24న నాలుగు బురుజులపై ఒక్కసారిగా ముట్టడి సాగెను. గోడలు విరిగిన చోట్ల ఎక్కజూచిన సైనికులను కోటవారు మరల మరల క్రిందికి నెట్టిరి. ఓటమి నిశ్చయమైనంతట ఇండ్లకు నిప్పుపెట్టి, స్త్రీలను బిడ్డలను తమ చేతులతోనే చంపుకొనిరి. జమీందారు రంగారావు పోరుచు పడెను. బుర్రకథలో వీరముగా వినవచ్చు నీ ఘట్టము, ఆ పసిబిడ్డలను తలచినపుడు వినుటకు కష్టమగును. ఆ సంహారము నడుమనుండి ఒక వృద్ధుడు బాలు నొకనిని తెచ్చి, ఇతడు రంగారావు కొడుకని చెప్పి లా అను ఫ్రెంచి సేనాని కప్పగించెనని ఆర్మ్ వ్రాసెను.

కొలది దినములకే తాండ్ర పాపారాయుడు గుడారము జొచ్చి విజయరామరాజును చంపెను. ఆ కథ ఎల్లరును ఎరిగినదే. కథకులు సాధారణముగ అచటనే ఆపుదురు గాని, చరిత్ర ఆగలేదు. 1758 డిసెంబరులో విజయనగర ప్రభువు ఆనందరాజు ఇంగ్లీషువారితో కలిసి చందుర్తివద్ద ఫ్రెంచివారిని ఓడించెను. మరి 1794 జూలై 10న పద్మనాభమువద్ద ఆ ఇంగ్లీషు కంపెనీ సేనయే విజయనగరపు చిన విజయరామరాజును హతమార్చెను. బొబ్బిలి కూలిన ముప్పదియేడేండ్లకు అదియు జరిగెను.

అటుపిమ్మట కంపెనీవారు రంగారావు కుమారుడైన చిన రంగారావునకు బొబ్బిలిని తిరిగి ఇచ్చిరి. 1801 శాశ్వత పరిష్కారమున ఆతని వారసుడు రాయడప్ప, కంపెనీకి ఏటేట 90,000 రూపాయల పేష్కషు చెల్లించుటకు ఒడంబడెను.