కొలెన్సో బిషప్పు: శంకయు ధర్మమును

సందేహము విశ్వాసమునకు శత్రువని తలంచుట మతచరిత్రములందు సాధారణము. జూలూ శిష్యుఁడడిగిన ప్రశ్నకు నిజము చెప్పఁబూని పదభ్రష్టుఁడని తీర్పు పొందిన జాన్ విలియం కొలెన్సో చరిత్రమును బరిశీలించినచో, ఈ తలంపు నిలువదు.

కొలెన్సో 1814వ సంవత్సరమున ఇంగ్లండునందలి కార్న్‌వాలు మండలమున జన్మించెను. గణితమునఁ బ్రవీణుఁడై పాఠశాలలకు అంకగణిత గ్రంథమును రచించెను. 1853లో దక్షిణాఫ్రికాలోని నేటాలునకు మొదటి బిషప్పుగా నియుక్తుఁడై, జూలూభాష నభ్యసించి, దానికి వ్యాకరణమును నిఘంటువును గూర్చెను. బహుభార్యలు గల జూలూ పురుషుఁడు బాప్తిస్మము గోరినచో, ఒక్కతెను దప్ప దక్కిన భార్యలను విడువవలెనని నాఁటి మిషనరీలు విధించుచుండిరి. అట్లు విడువఁబడిన స్త్రీలకును బిడ్డలకును అన్యాయము జరుగుననుచు, 1855లోనే కొలెన్సో ఆ నియమమును ఖండించెను.

బైబిలును జూలూభాషలోనికి ననువదించునపుడు, విలియం ఎన్గిడి యను సహాయకుఁడు జలప్రళయ కథను గూర్చి ప్రశ్నించెను. ఉష్ణదేశములందును శీతదేశములందును గల మృగపక్షులన్నియు జంటలుగా వచ్చి యోడ నెక్కినవా? వానికన్నిఁటికిని నోవహు మేత సమకూర్చెనా? భూగర్భశాస్త్రమెఱిఁగిన కొలెన్సో యవునని చెప్పలేకపోయెను. అడిగినవాఁడు జూలూయని ప్రశ్నను ద్రోసిపుచ్చనును లేదు. 1862 మొదలు 1879 వఱకు పంచకాండములను, యెహోషువ గ్రంథమును విమర్శించుచు ఏడు భాగముల గ్రంథమును బ్రకటించెను. ఆయుధము పట్టఁదగిన పురుషులే ఆఱులక్షలైనచో, మొత్తము జనము ఇరువది లక్షలు కావలెను. అంతటి సమూహము ఎడారిలో నెట్లు జీవించెను? ప్రత్యక్షపు గుడారము ముంగిట నెట్లు గుమిగూడెను? ఆ గణితజ్ఞునకు లెక్క కుదురలేదు. కావున నవి యక్షరశః చరిత్రములు కావని నిర్ణయించెను. దైవవిశ్వాసమును మాత్రము విడువలేదు. సత్యస్వరూపుఁడగు దైవము పేరిట నసత్యమును బోధింపరాదనియే యతని వాదము.

కేప్‌టౌను బిషప్పు రాబర్టు గ్రే 1863లో విచారణ జరిపి, కొలెన్సో పదభ్రష్టుఁడని తీర్పు చెప్పెను. లండనులోని ప్రివీకౌన్సిలు 1865లో ఆ తీర్పు చెల్లదనెను. మతవిషయమునఁ గొలెన్సోదే సత్యమని దాని యర్థము కాదు; గ్రేకు అట్టి యధికారము లేదని మాత్రమే.

తరువాతి పరీక్ష యింకను గఠినము. హ్లూబీల నాయకుఁడగు లంగలిబలేలెపై నేటాలు ప్రభుత్వము రాజద్రోహము మోపి, 1874లో విచారించి, రాబెన్ ద్వీపమునకుఁ బంపెను. అభియోగము తెచ్చిన పాలకులే న్యాయాధిపతులైరి. వారిలో కొలెన్సోకుఁ జిరమిత్రుఁడగు షెప్‌స్టను ముఖ్యుఁడు. కొలెన్సో సాక్ష్యములను బరిశోధించి, అన్యాయమును వెల్లడించి, ఆ మైత్రిని గోల్పోయెను. తన్నాదరించిన తెల్లవారిలోఁ బెక్కురును విముఖులైరి. 1879లో జూలూరాజ్యముపై జరిగిన యుద్ధమును సైతము అధర్మమని ఖండించెను. 1883లో మరణించిన యతనిని జూలూలు ‘సొబంటు’, అనఁగా జనుల తండ్రి, యని పిలిచిరి.

పూర్వగ్రంథముల సంఖ్యలను శోధించిన బుద్ధియే పాలకుల వాఙ్మూలములను శోధించెను. శిష్యుని ప్రశ్నను సమానుని ప్రశ్నగా మన్నించినవాఁడు, ఆ శిష్యుని జాతికి న్యాయము నిరాకరింపఁబడఁగాఁ జూచి యూరకుండఁజాలఁడు. కొలెన్సో శంక వేదగ్రంథముతోఁ బ్రారంభమైనను, దాని ఫలము మనుష్యుల యెడఁ జూపిన ధర్మమునఁ గానవచ్చినది.