బొమ్మ చూసి కుట్టిన గౌను

తార్నాకలో మా టైలరు దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది. వారపత్రికల్లోంచి కత్తిరించిన జాకెట్ల బొమ్మలన్నీ అందులో అంటించాడు. "ఏ మెడ పెట్టమంటారమ్మా?" అంటూ దాన్ని ముందుకి తోస్తాడు. ఈ కాలం పిల్లలు సెల్‌ఫోను చూపిస్తున్నారనుకోండి. పని మాత్రం అదే.

ఈ అలవాటు ఎంత పాతదో ఓ మధ్యాహ్నం యూనివర్సిటీ లైబ్రరీలో ఫ్రెంచి చిత్రాల పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది. 18వ శతాబ్దంలో పారిస్‌లో రొకోకో అనే శైలి వచ్చింది. వంపులు, గవ్వలు, లేతరంగులు, ఎక్కడ చూసినా రిబ్బన్లు! రాజుగారి మేడలో తగిలించిన పటాన్ని ఎంతమంది చూస్తారు చెప్పండి? దాన్ని ఊరూరికీ మోసింది రాగి రేకు. పటాన్ని రేకు మీద సన్నని గీతలుగా చెక్కి, గీతల్లో సిరా నింపి, తడి కాగితం పరిచి మరలో నొక్కితే వందలకొద్దీ ప్రతులు. వాతో అనే చిత్రకారుడు పోయాక, 1726–28 మధ్య ఆయన గీసిన బొమ్మలు ఇలాగే అచ్చయ్యాయి. చెక్కినవాళ్ళలో అప్పటికింకా కుర్రాడైన బూషే ఒకడు. బొమ్మలతోబాటు వేషాలూ ప్రయాణం చేశాయి. భుజాల నుంచి నేలదాకా జారే గౌను మడతలకి చివరికి వాతో పేరే పెట్టారు. పాపం, ఆయన టైలరేం కాదు.

ఆ బూషేయే 1756లో పదిహేనో లూయీ ప్రియురాలు మదాం ద పొంపదూర్ పటం వేశాడు. గులాబీలు కుట్టిన ఆకుపచ్చ పట్టు గౌను, చేతిలో పుస్తకం. కానీ ఆవిడకి మన నూలుగుడ్డ మీదా మోజేనట!

అవునండీ, మన కోరమండల్ తీరపు అద్దకం గుడ్డే. ఫ్రెంచివాళ్ళు 1669లోనే బందరులో కొట్టు పెట్టారు. కరక్కాయ, పటిక, చిరివేరు, నీలిమందు పట్టించిన రంగు ఉతికినా పోయేది కాదు. పారిస్ ఆడవాళ్ళు ఎగబడ్డారు. అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ళు గగ్గోలు పెడితే 1686లో ఆ గుడ్డని నిషేధించారు. కట్టుకుంటే జరిమానా. అయినా దొంగచాటుగా వస్తూనే ఉంది. పొంపదూర్ తన బెల్‌వ్యూ భవనాన్నే దాంతో అలంకరించిందంటారు. రాజుగారి మనిషికి జరిమానా ఎవరు వేస్తారు?

వర్తకులు అక్కడి నుంచి నమూనా బొమ్మలు పంపేవారు. తన పెరట్లో ఎన్నడూ పూయని పువ్వుల్ని మన అద్దకం పనివాడు కలంతో దిద్ది ఓడ ఎక్కించేవాడు.

1759లో ఫ్రాన్సు నిషేధం ఎత్తేసింది. ఆ ఏడాదే బందరు ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి ఇంగ్లీషువాళ్ళ చేతుల్లోకి పోయింది. మరుసటేడు ఒబెర్‌కాంఫ్ అనే ఆయన పారిస్ దగ్గర జూయీలో అద్దకం కార్ఖానా పెట్టాడు. 1770 నాటికి అక్కడ చెక్కిన రాగి రేకులతో గుడ్డ మీదే బొమ్మలు అచ్చువేస్తున్నారు. కాగితం మీద గౌన్ల మోజు పెంచిన రేకే ఇప్పుడు మనవాడి కలానికి పోటీ అయి కూర్చుంది. వాడు రోజులకొద్దీ దిద్దే బొమ్మని అది ఒక్క నొక్కుతో దింపేసేది.

నిరుడు పెడన నుంచి తెచ్చుకున్న అద్దకం గుడ్డ ఇంకా బీరువాలోనే ఉంది. దానికి తగిన మెడ టైలరు నోటుబుక్కులో దొరకలేదు.