సికింద్రాబాద్ పాత కట్టడాల్లో ఇంధన పొదుపు

నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటు పట్టణంలో విద్యుత్తు రాకముందు కట్టిన భవనాలు ఎండను తట్టుకునేలానే రూపొందాయి. బొల్లారంలో 1860లో కట్టిన ఒంటి అంతస్తు భవనం, నేటి రాష్ట్రపతి నిలయం, వీటిలో పేరున్నది. ఆ కాలపు బంగళాల్లో మందమైన గోడలు పగటి వేడిని ఆలస్యంగా లోపలికి వదులుతాయి. ఎత్తైన కప్పు కింద చేరిన వేడిగాలి వెంటిలేటర్ల గుండా బయటికి పోతుంది. వరండా ఎండను గోడ దాకా రానివ్వదు.

ఫాల్స్ సీలింగ్ బిగించి, వెంటిలేటర్లు మూసి, వరండాను గదిగా మార్చినప్పుడే ఏసీ భారం పెరుగుతుంది. డంగు సున్నం గోడలకు సిమెంటు పూత వేయడం మరో పొరపాటు: లోపలి చెమ్మ బయటికి పోదు, తడిసిన గోడ వేడిని త్వరగా ప్రసరింపజేస్తుంది. కాబట్టి మూసినవి తెరవడం, సున్నంతోనే మరమ్మతు చేయడం ముందు జరగాలి. ఎల్ఈడీ దీపాలు, 75 వాట్లకు బదులు 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఆ తర్వాతి మాట. మిద్దెలపై ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేయవచ్చు. తెలంగాణ 2023లో చలువ పైకప్పుల విధానాన్నే ప్రకటించింది. పెంకుటి కప్పులకు మాత్రం ఈ పూత నప్పదు.

1874లో మొదలైన సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ భారత హరిత భవన మండలి నుంచి ప్లాటినం రేటింగ్ పొందింది. పునరభివృద్ధి కోసం దాని పాత ప్రధాన భవనాన్ని 2025లో కూల్చేశారు. కూల్చిన కట్టడం తయారీకి అయిన ఇంధనాన్ని మాత్రం ఏ కరెంటు బిల్లూ చూపదు.